తొట్టి తెరిచే వేళ

నేను ఏం ఉద్యోగం చేస్తానో మా పాలెంలో ఎవరికీ తెలియదు. తెలియదంటే మాత్రం ఒప్పుకోరు. చెన్నైలో ఒక పరిశోధన సంస్థలో గాలి కదలికల మీద లెక్కలు చేస్తానని ఎన్నిసార్లు చెప్పినా, "రాకెట్ల కాడేగా?" అంటారు. మా వైపు వాళ్ళకు చదువుకున్న పిల్ల అంటే శ్రీహరికోట ఒక్కటే గుర్తు. ఇంకొందరు నన్ను వాన కబుర్లు చెప్పే మనిషిని చేశారు. పడవ తోసే ముందు ఫోన్ చేసి, "మే పిల్లా, రేపు గాలెట్టా ఉంటాదో జెప్పు" అని అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. రేపటి గాలి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు మహాప్రభో! గాలిలో పడింది ఎక్కడికి పోతుంది, ఎంతసేపు విడిగా ఉంటుంది, ఎక్కడ చుట్టూ ఉన్న గాలిలో కలిసి లేకుండా పోతుంది, ఇదీ నా లెక్క. ఆ పడింది పొగ కావచ్చు, దుమ్ము కావచ్చు, కంపు కావచ్చు.

ఈ మాట సరిగ్గా అర్థమైంది మా పెద్దమ్మ ఒక్కదానికే. అదీ చేపల పులుసు దగ్గర. మా ఇళ్ళలో పులుసులో ముక్కలు వేశాక గరిటె పెట్టరు, ముక్క చితుకుతుందని. రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుని గిన్నె అంచులు పట్టుకుని ఒక్క తిప్పు తిప్పుతారు. ఒకసారి పెద్దమ్మ అలా తిప్పుతుంటే, "ఇదే పెద్దమ్మా నా చదువు" అన్నాను. గిన్నె తిప్పితే ముక్క ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంది, కానీ ముక్క ముక్కగానే ఉంటుంది. గరిటె పెట్టి కలిపితే చితికి పులుసులో కలిసిపోతుంది. గాలి కూడా ఒకప్పుడు తిప్పుతుంది, ఒకప్పుడు కలుపుతుంది. ఏ వేళ ఏ పని చేస్తోందో మేం లెక్క కట్టి చెబుతాం.

పెద్దమ్మ నా ముఖంలోకి చూసి, "ఇంతేనా? దీనికా నీకు జీతమిచ్చేది?" అంది. ఆ తరవాత పాలెమంతా తిరిగి నా బిడ్డ గాలిని చదివింది అని చెప్పుకుంది.

అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఈ పెద్దమ్మే, మా అమ్మకు అక్క. పెదనాన్న కూడా ఎంతో కాలం లేడు. బోగోలు దాటి సముద్రం అంచుకు పోతే మా పాలెం. పాలెం ముందు ఇసుక దిబ్బ, దాని మీద ఉప్పు చేపలు ఊరేసే సిమెంటు తొట్లు. పడవలు తెచ్చిన చేపల్లో అమ్ముడు పోనివి కోసి, ఉప్పు పట్టించి ఆ తొట్లలో ఊరేస్తారు. ఊరాక తీసి కడిగి ఎండేస్తారు. పెద్దమ్మకూ, ఆమెతో పాటు పని చేసే ఆడవాళ్ళకూ అదే బతుకు. ఇంకో పని రాదు, ఇంకో పని లేదు.

ఎండు చేప వాసన వేరు, తొట్టి కంపు వేరు. ఎండు చేప వాసనకు మా నోళ్ళలో నీళ్ళూరతాయి. తొట్టి మూత తీసి ఊట నీళ్ళు పారబోసేటప్పుడు వచ్చే కంపు మాత్రం మేమైనా ఓర్చుకోలేం. అందుకని పాలెంలో పాత కట్టు ఒకటుంది. తెల్లవారక ముందే తొట్లు తెరవాలి. ఆ వేళకు పడమటి గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి మెల్లగా వీస్తుంటుంది. కంపంతా సముద్రానికి పోతుంది, ఏ ఇంటి మీదా పడదు. పొద్దెక్కాక తొట్టి తెరిచినవాళ్ళను పాలెమంతా తిడుతుంది. పదిమంది ముక్కుల మీద పోస్తారా అని. ఎవరూ రాసి పెట్టిన కట్టు కాదది, మర్యాద.

మొన్న ఫాల్గుణంలో సెలవు పెట్టి పాలేనికి వెళ్ళేసరికి ఆ మర్యాద మీదే తగువు నడుస్తోంది.

మాకు ఉత్తరంగా, కాస్త లోపలికి పైవూరు. అందరూ వరి పండించే రైతులు. మా పాలెంలో బడి లేదు, మా పిల్లలూ ఆ బడికే పోతారు, నేనూ అక్కడే చదివాను. కొన్నాళ్ళుగా ఆ బడి మీద మధ్యాహ్నం పూట, సరిగ్గా పిల్లలు అన్నాలకు కూర్చునే వేళకు కంపు దిగుతోందట. కాసేపుండి పోతుంది, కానీ ఆ కాసేపే పళ్ళేలు చేతిలో ఉండే సమయం. పిల్లలు తినలేక అన్నం పారేస్తున్నారు, చిన్నవాళ్ళకు వాంతులు. పైవూరివాళ్ళు మా తొట్ల మీద పడ్డారు. దిబ్బ పంచాయతీ భూమి. రాబోయే పంచాయతీ సమావేశంలో తొట్లు తీయించెయ్యాలని తీర్మానం పెడతారని కబురొచ్చింది.

పెద్దమ్మ వాదన గట్టిదే. "మధ్యాహ్నానికి మా తొట్లు మూసి, ఇండ్లకొచ్చి కూడు దిని పొణుకోనుంటాం. అప్పుడు కంపెట్టా వొస్తాది? మేము తెరిచేది కోడి గూసే ఏళకి, ఆ గాలి పొయ్యేది సముద్రంలోకి. రొయ్యల గుంటలోళ్ళని అడగండి! చచ్చిన రొయ్యలన్నీ గట్ల మీద పోస్తాండారు. వాళ్ళని అడగరు, వాళ్ళు కార్లలో తిరుగుతారు గదా!"

రొయ్యల గుంటలు పైవూరికి ఉత్తరాన ఉన్నాయి. వాళ్ళ దగ్గర మనిషి వచ్చి మాదేం లేదని ఎవరూ అడగకుండానే సంజాయిషీ ఇచ్చిపోయాడట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అని పెద్దమ్మ చేతులు తిప్పుతూ చెప్పింది. అంతటితో ఆగితే బాగుండేది. పంచాయతీ ఆఫీసు ముందు పదిమందిలో సర్పంచి గారితో, "నా బిడ్డ గాలిని చదివింది. ఆ పిల్లొచ్చి లెక్క గట్టి జెప్తాది. తొట్లదే కంపని ఆ పిల్ల నోటెంట వొస్తే మీరు జెప్పినట్టే ఇంటాం" అనేసింది. నన్ను అడగను కూడా లేదు!

"ఎందుకన్నావు పెద్దమ్మా? నాకు తెలుసా తెలియదా?" అని అరిచాను.

"తెలవకుండానే అన్నేండ్లు జదివినావా?" అంది తాపీగా.

మరునాడు బడికి వెళ్ళాను. పెద్ద పంతులమ్మ గారు కొత్తగా వచ్చిన మనిషి, నెమ్మదస్తురాలు. కంపు ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు, ఏ వేళకు, ఎంతసేపు, అన్నీ అడిగాను. ఓపిగ్గా గుర్తు చేసుకుని చెప్పారు. మబ్బు పట్టి గాలి తిరగని రోజున కంపు రాలేదన్నారు. నేను వచ్చేస్తుంటే అడగకుండానే ఒక మాట చెప్పారు. "మీ పాలెం పిల్లలు కూడా తినడం మానేశారమ్మా. వాళ్ళకు కంపు అలవాటే, తినగలరు. కానీ కంపు రాగానే మిగతా పిల్లలు వాళ్ళను చూసి ముక్కు మూసుకుని దూరం జరుగుతున్నారు. నేను గదమాయించి కూర్చోబెడతాను. కూర్చోబెట్టగలను గానీ, అన్నం నోట్లో పెట్టించలేను కదా."

నేను తల ఊపి వచ్చేశాను. నాకా సంగతి కొత్త కాదు. అదే వరండాలో, కుళాయి పక్కన చివర నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. నా గౌను వాసనని జరిగిపోయేవాళ్ళు. అన్నం కాకులకు వేసి, తిన్నానని ఇంటికొచ్చి చెప్పేదాన్ని. ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద వేడన్నం ఉండేది. సాయంత్రం పూట అన్నం వండే ఇల్లు పాలెంలో మాదొక్కటే. మిగతా ఇళ్ళలో దీపాలు పెట్టాకే పొయ్యి వెలిగేది. మా పెద్దమ్మకు తిక్క అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే, పైవూరి పిల్లలకు అన్నం సహించడం లేదని మొదట విన్నప్పుడు నా మనసులో ఒక మూల, బాగైంది, అనిపించింది. మనిషి మనసు అంత మంచిదేం కాదు.

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచాను. ఏ గంటకు, ఏ ఎత్తున, గాలి ఎటు ఎంత జోరుగా వీచిందో చెప్పే అంకెలు మాకు దొరుకుతాయి. కంపు వచ్చిన రోజు తీసుకుని, అన్నాల వేళకు బడి మీది గాలిలో వేల చుక్కలు పెట్టాను, తెర మీదే లెండి. కాలాన్ని వెనక్కి తిప్పాను. ప్రతి చుక్కా తాను వచ్చిన దారిన వెనక్కి నడుస్తుంది. పక్కపక్కనే బయలుదేరిన రెండు చుక్కలు చివరికి ఎంత దూరం విడిపోయాయో కొలుస్తాం. బాగా దూరమైపోయిన చోట్లన్నీ కలిపితే, గాలిలో కంటికి కనిపించని గట్లు తేలతాయి. పొలంలో కయ్యకూ కయ్యకూ మధ్య గట్టులాంటివే. గాలితో పాటు అవీ కదులుతాయి గానీ, ఇటు గాలి అటు దాటదు.

రొయ్యల గుంటలు గట్టుకు అవతల పడ్డాయి. అక్కడి గాలి ఆ వేళకు బడి వైపు రానే రాదు. బడి మీది చుక్కలన్నీ తూర్పుకు నడిచి సముద్రం మీదికి పోయాయి.

"సముద్రం మీంచి వస్తోంది పెద్దమ్మా, ఇంకా చూడాలి..." అంటున్నాను. ఇంకా చూడాలి అన్నది ఆమె చెవిన పడలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వీధిలోకి పోయింది. సాయంత్రానికి పాలెమంతా ఒకటే మాట, ఓడలవాళ్ళు ఏదో సముద్రంలో కుమ్మరిస్తున్నారు, దాని కంపు ఇది. పక్కింటావిడ నాకు పుల్లట్లు తెచ్చి పెట్టింది. "తొట్లు నిలబెట్టినావు మే, సల్లగుండు!" అని మెటికలు విరిచింది. ఆ పుల్లట్లు నాకు గొంతు దిగలేదు. లెక్క సగంలోనే ఉంది మరి.

మిగతా సగం పొద్దున్నే చేశాను. చుక్కలను సముద్రం మీద ఆపకుండా ఇంకా వెనక్కి నడిపించాను. సముద్రం మీద కొంత దూరం పోయి నెమ్మదించాయి. తరవాత మెల్లగా దక్షిణానికి జరిగి, మళ్ళీ నేల వైపు తిరిగాయి. తెల్లవారుజాము వేళకు ఒక్కొక్కటీ వచ్చి మా దిబ్బ మీద చేరాయి, సరిగ్గా తొట్ల మీద. ఇంకో రోజు తీసుకుని చేశాను, మళ్ళీ దిబ్బే. మబ్బు పట్టిన రోజు తీసుకుంటే చుక్కలు ఎటో పోయాయి. ఆ రోజే కంపు రాలేదని పంతులమ్మ గారు చెప్పారు.

జరుగుతున్నది ఇదీ. తెల్లవారుజామున పడమటి గాలి కంపును సముద్రం మీదికి తీసుకుపోతుంది. ఆ వేళ గాలి చల్లగా, నెమ్మదిగా ఉంటుంది. కలపదు, మోస్తుందంతే. కంపు ముక్క చెదరకుండా నీళ్ళ మీదే తచ్చాడుతుంది. ఏటా ఎండాకాలం సెలవుల్లో వీచే దక్షిణపు గాలి ఈ ఏడు ముందే మొదలై, దాన్ని కాస్త ఉత్తరానికి జరుపుతోంది. పొద్దెక్కి నేల వేడెక్కగానే సముద్రపు గాలి తిరిగి, ఆ ముక్కను తెచ్చి పైవూరి బడి మీద పెడుతుంది. పులుసు గిన్నె తిప్పినట్టే. ఎవరి మీదా పడకూడదని మా వాళ్ళు మర్యాదకు ఎంచుకున్న వేళే ఆ పిల్లల పళ్ళేల మీద పడుతోంది.

ఇక నా పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సమావేశం మరునాడే. పెద్దమ్మ వంటింట్లో పులుసు పెడుతోంది. గుమ్మంలో కూర్చుని మొత్తం చెప్పాను. పంతులమ్మ గారు మన పాలెం పిల్లల గురించి అన్న మాట కూడా చెప్పాను.

పెద్దమ్మ పొయ్యిలో పుల్ల వెనక్కి లాగింది. తరవాత, "అయితే మేమే అంటావా?" అంది.

"మీరే పెద్దమ్మా."

"మర్యాదకి జేసే పని మే అది! మా అత్త జేసింది, ఆమె అత్త జేసింది."

"మర్యాదే. కాదన్నానా? గాలికి ఆ సంగతి తెలియదు."

"నువ్వు నోరు మూసుకోనుంటే ఎవురికి దెలుస్తాది?"

"ఎవరికీ తెలియదు" అన్నాను. నిజంగానే ఎవరికీ తెలియదు. ఓడలవాళ్ళు వచ్చి మాది కాదని చెప్పరు కదా.

"నువ్వు ఎవురి పిల్లవే?" అంది. ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నీ పిల్లనే! అందుకే నీకు ముందు చెబుతున్నా. రేపు పదిమందిలో మొదటిసారి చెప్పి ఉంటే ఏమయ్యేది?" అని గట్టిగానే అరిచాను.

కాస్త సద్దుకున్నాక రెండో దారి చెప్పాను. తొట్లు తెరిచే వేళ మార్చాలి. పొద్దు బాగా ఎక్కి సముద్రపు గాలి కుదురుకున్నాక తెరిస్తే, కంపు నేరుగా నేల మీదికి వస్తుంది. అప్పటికి నేల కాగి ఉంటుంది, గాలి పైకి కిందికి మసులుతుంటుంది. అంటే గరిటె పెట్టి కలిపినట్టు. కొద్ది దూరం పోయేసరికి కంపు చితికి కలిసిపోతుంది. బడి దాకా పోదు, పోయినా తెలియదు. కానీ చితికే లోపు అది మన వీధి మీదుగానే పోవాలి. దిబ్బకు ఎదురుగా ఉన్న మొదటి ఇల్లు మనదే. పైగా సగం ఎండ పోతుంది. ఒక్క రోజులో ఎండే చేపకు రెండో రోజు కూడా కావాలి.

పెద్దమ్మ గిన్నె అంచులు పట్టుకుని విసురుగా తిప్పింది, పులుసు పొయ్యిలో చిందింది. నాకు వడ్డించింది గానీ నాతో కూర్చుని తినలేదు.

మరునాడు పంచాయతీ ఆఫీసు ముందు రెండు ఊళ్ళూ చేరాయి. మావాళ్ళు ధీమాగా ఉన్నారు. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా ఒక పక్కన నిలబడ్డాను. సర్పంచి గారు నా వైపు తిరిగి, "చెప్పమ్మా, నీ లెక్క ఏమంటాది?" అన్నారు. నేను గొంతు సవరించుకునే లోపల పెద్దమ్మ లేచింది.

"ఆ పిల్లనెందుకు నిలబెడతారు? నేను జెప్తా. కంపు మాదే. తెల్లారి సముద్రంలోకి దోల్తే, మద్దేనానికి తిరిగొచ్చి మీ బడి మీద పడతాండాది. మాకు దెలవదు. దెలిస్తే జేస్తామా సామీ? తొట్లు మాత్రం తీసేది లేదు. అయ్యి తీస్తే మేం మన్ను దినాల. తెరిచే ఏళ మారుస్తాం. ఎండెక్కినాక తెరుస్తాం. వారం జూడండి. అప్పుడూ మీ పిల్లకాయలు కూడు దినకపోతే, మీ ఇష్టం."

మా పాలెం ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచారు. "మన కంపు మన ఇండ్ల మీదే పోసుకుంటామా అక్కా? నీకేమన్నా గాలి సోకిందా?" అని ఒకావిడ కసిరింది.

"మనకి కొత్తా అదేమన్నా?" అని పెద్దమ్మ ఒక్క మాటతో ఆమెను కూర్చోబెట్టింది.

సర్పంచి గారు అందరి ముఖాలూ చూసి, వారం చూద్దాం అన్నారు. ఇంటికి వచ్చే దారిలో పెద్దమ్మ నాకంటే ముందు నడిచింది. నాకు భయంగానే ఉంది. లెక్క తప్పితే తొట్లు పోతాయి, తొట్లతో పాటు ఈమె పోతుంది. లెక్కలు కాగితం మీద తప్పితే దిద్దుకోవచ్చు. ఇది అలాంటిది కాదు.

ఆ మరునాడు తెల్లవారుజామున మా పాలెంలో తొట్లు తెరవలేదు. నాకు ఊహ తెలిశాక అలాంటి పొద్దు అదే మొదలు. ఆడవాళ్ళు చేతులు కట్టుకుని గడపల్లో కూర్చున్నారు. సూర్యుడు పైకొచ్చి ఇసుక కాళ్ళు కాలుస్తోంది, సముద్రపు గాలి తిరిగి కొబ్బరి మట్టలు పడమటికి ఒరిగాయి. అప్పుడు పెద్దమ్మ పోయి తన తొట్టి మూత తీసింది. మిగతావాళ్ళు గొణుక్కుంటూ వెనక పోయారు.

అబ్బ! ఆ కంపు ఏం చెప్పను! వీధిలోని కుక్కలు కూడా లేచి పోయాయి. మా ఇంటి నిండా చేరింది. కిటికీలు మూసినా లాభం లేదు. పెద్దమ్మ పని ముగించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, పంచలో కూర్చుని కంచం ముందు పెట్టుకుంది. నాకూ పెట్టింది. నా ముక్కు పగిలిపోతోంది. ముద్ద ఎత్తలేక ఫోన్ వైపు చూస్తున్నాను. అన్నాల వేళ కాగానే ఫోన్ చెయ్యమని పంతులమ్మ గారికి ముందే చెప్పి ఉంచాను.

ఆవిడ ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టాను.

"రాలేదమ్మా. ఏమీ రాలేదు. పిల్లలు తింటున్నారు" అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క రోజుతో లెక్క రుజువు కాదని నాకు తెలుసు, అయినా తిరిగాయి.

పెద్దమ్మ ఫోన్ వైపు వంగి, "మా పాలెం పిల్లకాయలో?" అని అడిగింది.

"అందరూ ఒకే వరసలో కూర్చున్నారు పెద్దమ్మ గారూ. మీ పిల్లలైతే మారు అన్నం అడిగారు."

పెద్దమ్మ తల ఊపి, అన్నంలో పులుసు పోసుకుని కలపడం మొదలుపెట్టింది. ఫోన్ పెట్టేశాక నేను ఊరుకోలేక అడిగాను. "మొన్న ఎవరి పిల్లవే అన్నావు. మరి రాత్రికి రాత్రి మనసు ఎట్టా మారింది పెద్దమ్మా? నా లెక్క నమ్మావా?"

"నీ లెక్క నాకేం దెలుసు మే" అంది, ముద్ద మింగి. "కూడు దినకుండా ఇంటికొచ్చి, తిన్నానని జెప్పే బిడ్డ మొకం ఎట్టుంటాదో నాకు దెలుసు. సాయంత్రం పూట ఊరికే వొండినానా?"

ఇన్నేళ్ళూ ఆమెకు తిక్క అనుకున్నాను.

"తిను, సల్లారిపోతాది" అని నా కంచంలో ఇంకో ముక్క వేసింది. కంపు ఇంకా తగ్గలేదు. నేను కంచం దగ్గరకు జరుపుకుని తిన్నాను.